నూనె చేతుల బొమ్మ

ఏలూరు జిల్లా, నూజివీడు మండలం, విస్సన్నపేట రోడ్డు పక్కన నా సొంత మామిడి తోటలోని షెడ్డులో నివాసం ఉంటున్న చిత్రకారుడు మేకల పెద్దిరాజు, కీర్తిశేషులు సుబ్బారాయుడు గారి పెద్ద కుమారుడు, వయసు యాభై ఎనిమిది, అను నేను 2025 మే 18, ఆదివారం నాడు నా స్వహస్తంతో రాస్తున్న వీలునామా ఇది.

నా మతి స్థిమితంగా ఉంది. ఉదయం బీపీ మాత్ర తప్ప వేరే మందు వేసుకోలేదు. ఎవరి బలవంతమూ, ఎవరి ప్రోద్బలమూ లేదు. ఈ నెల 27న విజయవాడలో నా గుండెకు ఆపరేషన్ చేసి కవాటం మారుస్తారు. నూటికి తొంభై మంది లేచి నడుస్తారని డాక్టరుగారు చెప్పారు. మిగతా పదిమంది సంగతి నేను అడగలేదు. నాకు పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. ఇంతకుముందు వీలునామా ఏదీ రాయలేదు. నా తదనంతరం నా చర స్థిరాస్తులు ఈ కింది విధంగా చెందాలి.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా డ్రాయింగు మాస్టారు లక్ష్మీనరసింహారావు గారికి అప్పగిస్తున్నాను. ఆయనకు డెబ్భై తొమ్మిదేళ్లు. నాకంటే గట్టిగా ఉన్నారు. పన్నెండేళ్ల వయసులో మా నాన్న వెంట తోటల్లో తట్టలు మోస్తున్న నన్ను పిలిచి బడి గోడ మీద బొగ్గుతో గీయనిచ్చింది ఆయనే. బొమ్మ కింద తారీఖు, టైము వేయడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. "టైము వెయ్యకపోతే నువ్వు చూసి గీశావో, ఊహించి గీశావో రేపు నీకే తెలీదురా" అనేవారు. నలభై ఆరేళ్లుగా ఒక్క కాగితం మీద కూడా ఆ నియమం తప్పలేదు. ఈ రోజు ఈ కాగితం రాయాల్సి రావడానికి ఆ నియమం కూడా ఒక కారణం.

2. ఊళ్లో మా నాన్న కట్టిన రెండు గదుల ఇంట్లో నా సగం వాటా నా తమ్ముడు తిరుపతిరావుకు సర్వహక్కులతో చెందుతుంది. 1989లో నేను హైదరాబాదులో చదువుకుంటుండగా, అటక మీద నేను దాచుకున్న నూట పది బొమ్మల్ని వాడు మామిడి పెట్టెల్లో గడ్డి మీద పరిచి లారీకెక్కించాడు. వచ్చి అడిగితే, "కాగితాలేగా అన్నయ్యా. ఒక్క కాయ కూడా దెబ్బ తినలేదు తెలుసా" అని నవ్వాడు. అప్పటినుంచి పండగలకు కూడా వాడింట్లో నేను సరిగ్గా కూర్చోలేదు. ఆ కోపం ఇక్కడితో వదిలేస్తున్నాను. నేను చేసిన దానితో పోలిస్తే వాడు చేసింది తప్పే కాదు. తోట మీద మాత్రం వాడికి హక్కు లేదు. అడగవద్దు. కారణం ఆరో అంశంలో ఉంది.

3. తిరుపతిరావు కూతురు వైష్ణవికి నా పనిముట్లు: మామిడి పుల్లలు బొగ్గు చేసే రేకు డబ్బా, చింతగింజల జిగురు కాచే ఇత్తడి గిన్నె, సొన పట్టే గాజు సీసాలు పదకొండు. వాడితేనే తీసుకోవాలి. అలమరలో పెట్టి చూపించుకోవడానికైతే వద్దు. వాడే పద్ధతి రాస్తున్నాను. గోనెపట్టాను నానబెట్టి ఆరేసి, దాని మీద జిగురు రెండు పూతలు పూయాలి. పొద్దున్నే కోసిన కాయ ముచ్చిక విరిస్తే చిమ్మే సొనే పనికొస్తుంది. ముఖం పక్కకు తిప్పుకుని పట్టాలి, కంట్లో పడితే కన్ను పోతుంది. చేతి మీద పడితే కాలుతుంది. కోత కూలీల మోచేతుల మీద మచ్చలు దానివే. సొనతో గీసిన గీత ఆ రోజు కనిపించదు. నాలుగు రోజులకు గోధుమరంగుకు తిరుగుతుంది. ఏడాదికి నల్లబడుతుంది. ఆ తర్వాత ఏం చేసినా పోదు. కనిపించడం లేదని తొందరపడి దాని మీద మళ్లీ గీయకూడదు.

4. హైదరాబాదులో గ్యాలరీ నడుపుతున్న మాధురి గారి దగ్గర ఉన్న నా నలభై ఒక్క చిత్రాలు ఆమెకే వదిలేస్తున్నాను. పదిహేనేళ్లలో ఆమె నాకు ఒక్క అబద్ధం చెప్పలేదు. నేను ఆమె దగ్గర ఒక నిజం దాచాను. "చిటారుకొమ్మ" అనే చిత్రం మాత్రం ఈ నలభై ఒకటిలో లేదు. అది ప్రస్తుతం నా షెడ్డులో ఉంది. ఢిల్లీలో ఒక మ్యూజియం వారు దాన్ని కొంటామన్నారు. అడుగున గోనె పోగులు ఊడితే సరిచేయడానికి పదిహేను రోజుల కిందట చెక్కపెట్టెలో నా దగ్గరకు వచ్చింది. తీసుకెళ్లడానికి రేపు సోమవారం ఉదయం పది గంటలకు గ్యాలరీ వ్యాను వస్తుంది. ఒప్పందం మీద నేను ఇంకా సంతకం చేయలేదు.

5. నా బొమ్మల నోటుపుస్తకాలు ముప్పై ఎనిమిది. పద్నాలుగో నంబరుది తప్ప మిగతావి నేను చదివిన కాలేజీ లైబ్రరీకి. పద్నాలుగోది నా మంచం కింద ఇనప్పెట్టెలో ఉంది. పన్నెండేళ్లుగా దాన్ని ఎవరికీ చూపించలేదు.

6. ఇక "చిటారుకొమ్మ" గురించి, ఈ తోట గురించి.

ఆరడుగుల ఎత్తు, నాలుగడుగుల వెడల్పు, గోనె మీద బొగ్గూ సొనా. చెట్టు చివర కొమ్మ మీద ఒక మనిషి, ఒక చెయ్యి కొమ్మను పట్టుకుని, ఒక చెయ్యి కాయ వైపు చాచి ఉంటాడు. నాకు పేరు వచ్చింది ఈ ఒక్క బొమ్మ వల్లే. ఆ మనిషి చేతులు మెరుస్తుంటాయి. ఆ మెరుపు గురించి పేపర్లలో రాశారు. శ్రమలో ఉన్న దైవత్వం అని ఒకరు రాశారు. "ఆ చేతుల వెలుగే ఈ బొమ్మకి ప్రాణం సార్" అని మాధురి గారు ఎప్పుడూ అంటారు. నేను ఎవరికీ జవాబు చెప్పలేదు. అది ఆముదం.

బొమ్మలోని మనిషి గంగరాజు. నాకు వేలువిడిచిన తమ్ముడు, నన్ను పెద్దన్నా అని పిలిచేవాడు. కాయ కోతలో వాడిని మించినవాడు ఈ చుట్టుపక్కల లేడు. 2013 మే 22, బుధవారం ఇదే తోటలో చనిపోయాడు. అప్పుడు తోట మామిడి వ్యాపారి భాస్కరరావు గారిది. గంగరాజు జట్టు మూడు రోజులుగా కోస్తోంది. నేను రోజూ వచ్చి గీసుకుంటున్నాను. ఆ సాయంత్రం నాలుగున్నరకు ఆఖరి లోడు వెళ్లింది. జట్టు కూడా లోడుతోనే వెళ్లిపోయింది. నిచ్చెనలు, కాయలు కోసే చిక్కాలు సర్దడానికి గంగరాజు ఒక్కడే ఆగాడు.

కోత వాళ్లకు ఒక కట్టుబాటు ఉంది. సొన నీళ్లతో పోదు. పని అయ్యాక అరచేతులకూ అరికాళ్లకూ ఆముదం పట్టించి, తర్వాత బూడిదతో రుద్దుకుంటారు. ఎంత రుద్దినా జిడ్డు ఆ రాత్రి దాకా పోదు. అందుకని ఆముదం రాసుకున్నవాడు ఆ పూట మళ్లీ చెట్టు ఎక్కడు. పైన గుత్తి మరిచిపోయినా ఎక్కడు, యజమాని అరిచినా ఎక్కడు. మా నాన్న ఎక్కగా నేను చూడలేదు. ఈ కట్టుబాటు నాకు తెలియదని చెప్పుకోవడానికి వీల్లేదు.

గంగరాజు ఆముదం రాసుకుని బూడిద కోసం చూస్తున్నాడు. అప్పుడే ఎండ పక్కనుంచి చెట్టు మీదికి వచ్చింది. నేను వాడిని మళ్లీ ఎక్కమన్నాను. "ఆముదం రాసేసుకున్నాగా పెద్దన్నా, రేపు ఎక్కుతాలే" అన్నాడు. రేపు మీ జట్టు చింతలపూడి పోతోంది, ఈ వెలుగు మళ్లీ రాదు, రెండు నిమిషాలు చాలు అన్నాను. వాడు నవ్వాడు. "నీ బొమ్మ బాగానే ఉంటది, నా నడుం సంగతి చూసుకో మరి. ఎక్కితే మా పాప బొమ్మ ఒకటి గీసివ్వాల" అన్నాడు. గీస్తానన్నాను. గోచీ బిగించి ఎక్కాడు.

రెండు నిమిషాలు కాదు. పద్నాలుగో నోటుపుస్తకంలో మొదటి కాగితం మీద 4.50 అని ఉంది. నాలుగో కాగితం మీద 5.10 అని ఉంది. ఇరవై నిమిషాలు. మధ్యలో ఒకసారి "దిగనా" అని అడిగాడు. "అట్టాగే ఉండు" అన్నాను. నాలుగో కాగితంలో కుడిచెయ్యి పూర్తి కాలేదు. వాడు పడిన చప్పుడు విన్నాక కూడా నా చెయ్యి అప్పుడు గీస్తున్న వేలి గీత పూర్తి చేసింది. ఆ గీత ఆ కాగితం మీద ఉంది. ఎవరైనా చూడవచ్చు.

నేను పరుగెత్తేసరికి ప్రాణం లేదు. రోడ్డు మీదికి వెళ్లి కేకలు వేశాను. జనం వచ్చారు. భాస్కరరావు గారు వచ్చి గంగరాజు చేతులు చూశారు. "ఆముదం రాసుకుని చెట్టెక్కాడంటే తాగే ఉంటాడయ్యా, తెలివిలో ఉన్నోడు ఎక్కుతాడా" అన్నారు. ఆయన అబద్ధం చెప్పలేదు. ఈ ప్రాంతంలో ఎవరైనా అలాగే అనుకుంటారు. గంగరాజు అంతకు రెండేళ్ల ముందు వరకు తాగేవాడు కూడా. నేను పక్కనే నిలబడి ఉన్నాను. కాదని చెప్పడానికి ఒక్క మాట చాలు. చెప్పలేదు. పోలీసులు అడిగితే తోట అవతలి కొసలో ఉన్నానని చెప్పాను. అది అబద్ధం.

గంగరాజు భార్య దుర్గ. కూతురు భవానికి అప్పుడు ఏడేళ్లు. తాగుడు మానేస్తానని గంగరాజు ఆ పిల్ల నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. వాడు ఆ ఒట్టు తప్పి చచ్చాడని దుర్గ నమ్మింది. పన్నెండేళ్లుగా వాడి ఫోటో ఇంట్లో పెట్టలేదు. సంవత్సరీకం నాడు దీపం పెట్టదు. బిడ్డ నెత్తి మీద ఒట్టు తీసి గట్టున పెట్టినోడికి దీపం ఏంటని నా ఎదుటే అన్నది. అప్పుడు కూడా నేను టీ తాగుతూ కూర్చున్నాను.

ఆ బొమ్మ తెచ్చిన పేరుతో మిగతా చిత్రాలు అమ్ముడైన డబ్బుతో 2017లో ఈ తోట కొన్నాను. దుర్గకు షెడ్డు ఊడ్చే పని ఇచ్చాను. రోజూ నాలుగు గంటలకు వస్తుంది. నన్ను బావగారూ అంటుంది. పచ్చడి పట్టినప్పుడు నాకొక సీసా తెస్తుంది. ఈ పదిహేను రోజులూ ఆ చెక్కపెట్టె చుట్టూ ఊడుస్తోంది. "ఏముంది బావగారూ ఇందులో, ఇంత బరువు" అని ఒకసారి అడిగింది. పాత బొమ్మ అన్నాను.

నూజివీడులో నా చిత్రాల ప్రదర్శన పెట్టమని మూడుసార్లు అడిగారు. ఒప్పుకోలేదు. ఊరంటే లెక్కలేదని తిట్టారు. ఫోన్లో అంగుళం బొమ్మలో ఆ మెరుపు తెలియదు. ఆరడుగుల బొమ్మ ముందు ఒక కోత కూలీ నిలబడితే మాత్రం మొదటి చూపుకే తెలిసిపోతుంది. ఢిల్లీలో అది ఎంతమంది చూసినా నాకు ప్రమాదం లేదు. మ్యూజియం వారు కొంటామన్నప్పుడు నాకు కలిగింది సంతోషం కాదు, నిశ్చింత. ఆ సంగతి గమనించాకే ఒప్పందం మీద సంతకం చేయలేకపోయాను.

కాబట్టి "చిటారుకొమ్మ" చిత్రం, పద్నాలుగో నోటుపుస్తకం, ఈ తోట, షెడ్డు నా మరణానంతరం గంగరాజు భార్య దుర్గకు సర్వహక్కులతో చెందాలి. మాస్టారు ఈ అంశాన్ని అప్పుడు ఆమెకు చదివి వినిపించాలి.

(ఇంతవరకు ఉదయం పదకొండు గంటలకు ముగించాను.)

7. మధ్యాహ్నం మాస్టారు వచ్చారు. అమలు చేయాల్సింది ఆయనే కాబట్టి చదవమని ఇచ్చాను. రెండుసార్లు చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నువ్వు పోయాక నేను చదవాలా? ఆ దుర్గ నిన్ను ఒక్క మాట అడగాలనుకుంటే ఎవర్ని అడుగుద్దిరా? నన్నా, నీ బూడిదనా?" అన్నారు. తోట ఇస్తున్నాను కదండీ అన్నాను. "ముయ్యి" అన్నారు. నా యాభై ఎనిమిదేళ్ల వయసులో ఆ మాట అనగలిగిన మనిషి ఆయన ఒక్కరే. వెళ్తూ వెళ్తూ చెప్పుల దగ్గర ఆగి, ఆపరేషన్‌కు తొమ్మిది రోజులు ఉంది, దుర్గ రావడానికి మూడు గంటలు ఉంది అన్నారు.

ఆయన వెళ్లాక చెక్కపెట్టె మేకులు ఊడదీశాను. గుండె జబ్బు మనిషి చేయకూడని పని. మధ్యలో రెండుసార్లు కూర్చున్నాను. ఒకసారి మేకులు మళ్లీ కొట్టేద్దామని సుత్తి కూడా తీసుకున్నాను. మూడున్నరకు బొమ్మను ఉత్తరపు గోడకు, తలుపు తీయగానే కనిపించేట్టు తగిలించాను.

8. దుర్గ నాలుగు గంటల అయిదు నిమిషాలకు వచ్చింది. ఈ కింద రాసేది ఆస్తి పంపకం కాదు. అయినా ఈ కాగితంలో ఉండాలి.

చీపురు తీసుకుని లోపలికి వచ్చి బొమ్మను చూసింది. మొగుడని వెంటనే గుర్తుపట్టింది. "ఈయన బొమ్మ గీశారా బావగారూ, ఎప్పుడూ చెప్పలేదే" అంటూ దగ్గరకు వెళ్లింది. ముఖం చూసింది. తర్వాత చేతులు చూసింది. చీపురు కింద పెట్టింది.

"ఇది ఆముదం కదండీ" అన్నది.

అవునన్నాను. ఎవరు ఎక్కమన్నారని అడిగింది. నేనే అన్నాను. తాగి ఉన్నాడా అని అడిగింది. లేదు, చుక్క ముట్టలేదు, వద్దంటే నేనే బలవంతంగా ఎక్కించాను అని చెప్పాను. నోటుపుస్తకం ఇచ్చాను. కూడబలుక్కుని చదవడం వచ్చు. అంకెలు చూసింది. నాలుగో కాగితం మీద నేను చూపించిన ఆ గీత మీద వేలు పెట్టి తీసింది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను. "పన్నెండేళ్లు ఆయన్ని తిట్టుకున్నానండీ. మీరు వింటానే ఉన్నారు" అని మాత్రం అన్నది. షెడ్డు ఊడ్వకుండా వెళ్లిపోయింది. ఆమె పని చేయకుండా వెళ్లడం అంతకుముందెప్పుడూ నేను చూడలేదు.

అయిదున్నరకు భవానిని వెంటబెట్టుకుని తిరిగి వచ్చింది. భవానికి ఇప్పుడు పంతొమ్మిదేళ్లు, డిగ్రీ చదువుతోంది. మాస్టారిని కూడా ఫోన్ చేసి పిలిపించింది. ఈ కాగితం మొదటినుంచీ భవాని చేత చదివించుకుని నిలబడే విన్నది. కూర్చోమంటే కూర్చోలేదు. తోట ఇచ్చే మాట దగ్గర చెయ్యి ఎత్తి ఆపింది. "ఆయన పడ్డ చెట్టు నాకు రాసిస్తారా? నేనేం చేసుకోను? కాయ కోసుకుని తిననా?" అన్నది. భవాని ఏదో అనబోతే, "నువ్వుండవే" అన్నది. తర్వాత ఆమె చెబుతుంటే నేను రాసుకున్నాను. కాబట్టి ఆరో అంశం చివరి పేరా కొట్టివేసి, దానికి బదులుగా ఈ కింది మాటలు చేరుస్తున్నాను:

"చిటారుకొమ్మ" ఎవరికీ అమ్మకూడదు. ఈ షెడ్డులోనే, ఇప్పుడున్న గోడకే ఉండాలి. కోత కాలంలో షెడ్డు తలుపులు తీసి ఉంచాలి. తోటా షెడ్డూ గంగరాజు పనిచేసిన కోత జట్టు పేరిట ఉంటాయి, సంరక్షణ మాస్టారిది, ఆయన తర్వాత భవానిది. బొమ్మ కింద చెక్క మీద పెద్ద అక్షరాలతో ఇలా రాయించాలి: "గంగరాజు. తాగలేదు. బొమ్మ కోసం పెద్దిరాజు ఎక్కించాడు." ఆ చెక్క నా మరణానంతరం కాదు, రేపు ఉదయం ఆ జట్టు ఈ తోటలో కోతకు దిగేలోపు ఉండాలి. జట్టు ఎదుట ఆ మాటలు నేనే పైకి చదవాలి.

పద్నాలుగో నోటుపుస్తకం భవానికి. పోలీసులకు చూపించాలనుకుంటే చూపించవచ్చు. అది ఆమె ఇష్టం. నేను కాదనను.

9. ఆరుంబావుకు మాధురి గారికి ఫోన్ చేసి వ్యాను పంపవద్దని చెప్పాను. కారణం చెప్పాను. "సార్, ఇది బయటికొస్తే మీ బొమ్మ ఎవరూ గోడకి పెట్టుకోరు" అన్నారు. ఒకటి పెట్టాను, అది చాలు అన్నాను. నాలుగో అంశంలోని నలభై ఒక్క చిత్రాలు వద్దనుకుంటే ఆమె తిరిగి పంపవచ్చు.

10. భవాని బొమ్మ గీసిస్తానని గంగరాజుకు ఇచ్చిన మాట పన్నెండేళ్లుగా చెల్లలేదు. చాలాసార్లు మొదలుపెట్టాను. కళ్ల దగ్గర ఆగిపోయేవాడిని, అవి తండ్రి కళ్లు. ఆ బొమ్మను నా చివరి పనిగా ఈ వీలునామాలో చేర్చబోతే దుర్గ ఒప్పుకోలేదు. "అది రాసే పని కాదు, గీసే పని. ఆపరేషన్‌కి పోయేలోపు అవ్వాల. దాని ఎదురుగా నేను కూర్చుంటాను, చూస్తాను ఎట్టా గియ్యరో" అన్నది. మంగళవారం నుంచి రోజూ నాలుగు గంటలకు వస్తారు. నన్ను తొందరపెట్టవద్దని నేను అడగలేదు.

11. ఈ వీలునామాను నా జీవితకాలంలో మార్చుకోవడానికి, రద్దు చేసుకోవడానికి నాకు హక్కు ఉంది. ఎనిమిదో అంశం విషయంలో ఆ హక్కును వదులుకుంటున్నాను. అలా వదులుకోవడం చట్టం ప్రకారం చెల్లదని మాస్టారు అన్నారు. చెల్లకపోయినా రాశాను.

12. సాక్షులకు ఇద్దరు కావాలి. ఎదురుగా కిరాణా కొట్టు విజయలక్ష్మి గారు వచ్చారు. రెండో సాక్షిగా పక్క తోట కాపలాదారును పిలుస్తుంటే దుర్గ తానే పెడతానన్నది. ఆస్తి పొందేవాళ్లు సాక్షి సంతకం పెట్టకూడదమ్మా అని మాస్టారు చెప్పారు. "నాకేమీ రాయలేదుగా" అన్నది. మాస్టారు కాగితం మళ్లీ మొదటినుంచి చూశారు. దుర్గ పేరిట ఏమీ లేదు.

ఆ రోజు ఈ చెట్టు కింద జరిగింది చూసినవాడిని నేనొక్కడినే. చెప్పాల్సిన చోట చెప్పలేదు. ఇక్కడ రాసిందంతా నిజం. చదివి, వినిపించి, విన్నవాళ్ల ఎదుట సంతకం చేస్తున్నాను.

నూజివీడు, 2025 మే 18, ఆదివారం, సాయంత్రం 7.20.

(సంతకం) మేకల పెద్దిరాజు

సాక్షులు:

1. (సంతకం) విజయలక్ష్మి, కిరాణా వ్యాపారం, విస్సన్నపేట రోడ్డు, నూజివీడు.

2. (సంతకం) దుర్గ, గంగరాజు భార్య.